ఇంట్లో చోటు చెరగకుండా: విడాకుల తరువాత దూరాన ఉండి బిడ్డను పెంచడం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో తండ్రి ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంట లేకుండానే పిల్లలు పెరిగి పెద్దవారు కావడం తరతరాలుగా ఉన్నదే. తీరగ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళ్లి, అక్కడి బోట్ల మీద వేట సాగినన్ని నెలలూ ఉండి, వేసవిలో ఇళ్లకు తిరిగి వస్తారు. భవన నిర్మాణ పనులకు హైదరాబాదుకు, చెన్నైకి వలస వెళ్లేవారు, సైన్యంలో చేరి సెలవు దొరికినప్పుడే ఊరి ముఖం చూసేవారు, గల్ఫ్ దేశాలలో వెల్డింగు పనులు చేసేవారు, సరుకు ఓడల మీద నెలల తరబడి గడిపేవారు ఈ జిల్లాలలో ఊరూరా కనిపిస్తారు. ఆ ఇళ్లలోని పిల్లలు తండ్రికి దూరంగా ఉంటారు గాని తండ్రి లేని పిల్లలు కారు, ఎందుకంటే ఆ ఇళ్లలో రోజుకు పదిసార్లయినా ఆయన ప్రస్తావన వస్తుంది, ఇంటికి సున్నం వేయించడం దగ్గర నుంచి పిల్లకు చెవులు కుట్టించడం వరకు ప్రతి పనీ ఆయన రాకతో ముడిపడి ఉంటుంది, పిల్లవాడు అల్లరి చేసినా ఆయన పేరే చెప్పి మందలిస్తారు. 2018 నవంబరులో పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు కరాచీ జైలులో ఏడాదికి పైగా గడిపి 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చినప్పుడు, వారు తిరిగి చేరింది తమ కోసం ఎదురుచూస్తున్న ఇళ్లకే.

విడాకుల తరువాత దూరమైన తండ్రి, లేదా తల్లి, విషయంలో జరిగేది దీనికి భిన్నం. కిలోమీటర్ల లెక్కన చూస్తే వెరావల్ కంటే హైదరాబాదు దగ్గరే అయినా, ఆ మనిషికి ఇంట్లో ఉన్న చోటు చెరిగిపోతుంది: ఫొటో గోడ మీద నుంచి దిగుతుంది, పేరు ఎత్తడమే తప్పవుతుంది, ఎత్తినా తిట్టుతో కలిపే ఎత్తుతారు, ఫోను వచ్చినప్పుడు తీయాలా వద్దా అన్నది ఆ పూట పెద్దల మనసు ఎలా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. కాబట్టి ఈ అధ్యాయం ప్రధానంగా చెప్పదలచినది ఒక్కటే: బిడ్డను దెబ్బతీసేది దూరం కంటే ఎక్కువగా, ఆ దూరాన ఉన్న మనిషి ఎప్పుడు మాట్లాడతారో, ఎప్పుడు వస్తారో, అసలు ఆ మాట ఇంట్లో అడగవచ్చో లేదో తెలియకపోవడం. వలస కుటుంబాలకు ఏ పుస్తకమూ చదవకుండానే చేతనైన విద్యను విడిపోయిన దంపతులు పూనికతో నేర్చుకోవలసి ఉంటుంది.

ఈ తెలియనితనానికి అమెరికన్ కుటుంబ చికిత్సకురాలు పాలిన్ బాస్ ‘అస్పష్ట నష్టం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన విమాన చోదకుల కుటుంబాలను పరిశీలించడంతో మొదలైన ఆమె కృషి 1999లో పుస్తకంగా వచ్చింది. మరణం సంభవిస్తే ఏడ్చి, కర్మకాండ జరిపి, క్రమంగా తేరుకొనే మార్గం ఉంటుందని, మనిషి ఉన్నట్టా లేనట్టా తేలని నష్టంలో అటువంటి ముగింపు దొరకక మనసు మధ్యలోనే నిలిచిపోతుందని ఆమె వివరించారు. వెరావల్ వెళ్లిన తండ్రి వేసవికి వస్తాడని ఆరేళ్ల పిల్లకు కూడా తెలుసు, అందుచేత ఆమె నెలలు లెక్కపెట్టుకోగలదు. విడాకులు పొంది వెళ్లిన తండ్రి విషయంలో లెక్కపెట్టడానికి ఆమె చేతిలో ఏదీ లేకపోతే, తాను ఏదో తప్పు చేయడం వల్లనే నాన్న రావడం లేదన్న నిర్ణయానికి వచ్చే ప్రమాదం ఉంది.

దూరాన ఉన్నవారు నిరాశపడనవసరం లేదని చెప్పే ఆధారం కూడా ఉంది. పాల్ అమాటో, జోన్ గిల్‌బ్రెత్ అనే పరిశోధకులు పిల్లలతో కలిసి నివసించని తండ్రుల గురించి అప్పటికి వెలువడిన 63 అధ్యయనాలను కలిపి పరిశీలించి 1999లో ఫలితాలు ప్రకటించారు. తండ్రి ఎన్నిసార్లు వచ్చి చూశాడన్న లెక్కకు పిల్లల క్షేమంతో ఉన్న సంబంధం బలహీనంగా కనిపించింది. పోషణ ఖర్చు చెల్లించడం, బిడ్డతో సన్నిహితంగా ఉండడం, అన్నింటికంటే ముఖ్యంగా తండ్రిగా వ్యవహరించడం, అంటే చదువు సంగతి పట్టించుకోవడం, తప్పు చేస్తే నచ్చజెప్పడం, హద్దులు గీయడం, కష్టం చెప్పుకుంటే వినడం వంటివి పిల్లల చదువుతోనూ ప్రవర్తనతోనూ గట్టిగా ముడిపడి ఉన్నాయి. బొమ్మలు, బట్టలు పట్టుకొని ఏడాదికి నాలుగుసార్లు వచ్చిపోయే బంధువు కంటే, రెండుసార్లే వచ్చినా వారంవారం లెక్కల పుస్తకం సంగతి అడిగే తండ్రి బిడ్డకు ఎక్కువ ఉపయోగపడతాడని దీనిని బట్టి గ్రహించవచ్చు.

కాగితం మీద ఏమి ఉండాలి

పరస్పర అంగీకారంతో విడాకులు కోరే దంపతులు 1955 నాటి హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద కోర్టుకు వెళ్లేటప్పుడు ఒక ఒప్పంద పత్రం రాసుకుంటారు. అందులో బంగారం ఎన్ని తులాలు తిరిగి ఇవ్వాలి, కట్నం సొమ్ము ఎన్ని వాయిదాలలో చెల్లించాలి అన్నది పేజీల కొద్దీ ఉండి, బిడ్డ గురించి మాత్రం తల్లి దగ్గర ఉంటాడని, తండ్రి అప్పుడప్పుడు చూడవచ్చునని ఒక్క వాక్యంతో సరిపెట్టడం తరచు జరుగుతుంది. రాబోయే పదేళ్ల తగాదాలకు విత్తనం ఈ ‘అప్పుడప్పుడు’ అన్న మాటలోనే ఉంది. కుల పెద్దల సమక్షంలో తెగతెంపులు చేసుకొనే కుటుంబాలలో ఆ ఒక్క వాక్యం కూడా ఉండదు. ఆచారసిద్ధమైన విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాపాడుతుంది. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని సవర, జాతాపు వంటి షెడ్యూల్డ్ తెగలకైతే, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టమే వర్తించదు. పెద్దలు రాయించిన కాగితం ఆచారం రుజువైతే వివాహాన్ని ముగించవచ్చు గాని, బిడ్డ ఎక్కడ ఉండాలన్న విషయంలో కోర్టును కట్టిపడేయలేదు, ఎందుకంటే అక్కడ కోర్టు చూసేది బిడ్డ క్షేమాన్నే.

ఇక్కడ కొన్ని మాటల అర్థం తేటపరచుకోవాలి. సంరక్షణ అంటే బిడ్డ రోజువారీగా ఎవరి దగ్గర పెరుగుతుందన్నది. ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ చెబుతుంది, అన్నింటికంటే బిడ్డ క్షేమమే మిన్న అని అదే చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. సందర్శన హక్కు అంటే సంరక్షణ లేని తల్లి లేదా తండ్రి బిడ్డను కలుసుకొనే హక్కు. మూడవది సంపర్క హక్కు, అంటే ఫోను ద్వారానో వీడియో కాల్ ద్వారానో బిడ్డతో మాట్లాడే హక్కు. యశితా సాహు కేసులో 2020 జనవరిలో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, తల్లిదండ్రులు వేర్వేరు రాష్ట్రాలలోనో దేశాలలోనో ఉన్నప్పుడు ఈ హక్కుకు ఉన్న ప్రాముఖ్యాన్ని గుర్తించి, ప్రత్యేక కారణాలు ఉంటే తప్ప సంరక్షణ లేనివారు రోజూ ఐదు నుంచి పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే వీలుండాలని చెప్పింది. రాజీపత్రం రాసుకొనే నాడే ఈ తీర్పును న్యాయవాది దృష్టికి తెచ్చి, మాట్లాడే వేళను అంకెలతో సహా రాయించుకోవడం వల్ల తరువాతి వాదులాట చాలావరకు తప్పుతుంది.

ఆ కాగితంలో ఉండవలసిన విషయాలు ఇవి: కాల్ ఏ రోజు, ఏ గంటకు, ఎవరి ఫోనుకు వస్తుంది. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులలో బిడ్డ ఎన్ని రోజులు ఎవరి దగ్గర ఉంటుంది. రైలు ఖర్చు ఎవరిది, తోడు ఎవరు వెళతారు. జ్వరం వచ్చినా పరీక్ష తప్పినా రెండోవారికి ఎంతసేపటిలో తెలియజేయాలి. అనుకున్న తేదీ మార్చవలసి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఒప్పందం లేకుండానే విడిపోయినవారు 1890 నాటి సంరక్షకులు, మైనర్ల చట్టం కింద పిటిషన్ వేయవచ్చు. అది బిడ్డ మామూలుగా నివసించే ఊరిపై అధికారం గల కోర్టులోనే వేయాలి గనుక, హైదరాబాదులో ఉన్న తండ్రి శ్రీకాకుళానికో విజయనగరానికో రావలసి ఉంటుంది. లాయరు ఫీజు భరించలేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది, 15100 నంబరుకు ఫోను చేసి వివరాలు అడగవచ్చు.

పోషణ సొమ్మును, ఫోను సంభాషణను ఒకదానికొకటి ముడిపెట్టడం ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద పొరపాటు. డబ్బు పంపలేదని ఫోను ఇవ్వకపోవడం, ఫోను ఇవ్వలేదని డబ్బు ఆపేయడం రెండూ బిడ్డకే శిక్ష. సొమ్ము అందకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద, అంటే పూర్వపు 125వ సెక్షన్‌కు బదులుగా వచ్చిన దాని కింద, మేజిస్ట్రేటును ఆశ్రయించే దారి విడిగా ఉంది.

అయితే ఇక్కడ చెప్పినదంతా బిడ్డకూ తల్లికీ ప్రమాదం లేని కుటుంబాలకు మాత్రమే వర్తిస్తుంది. కొట్టిన, బెదిరించిన, బిడ్డతో అసభ్యంగా ప్రవర్తించిన మనిషి విషయంలో సర్దుకుపొమ్మని ఎవరూ సలహా ఇవ్వరాదు. 2005 నాటి గృహహింస చట్టం 21వ సెక్షన్ ప్రకారం, బిడ్డకు హాని అనిపిస్తే మేజిస్ట్రేటు సందర్శనను నిరాకరించవచ్చు; పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

ఫోనులో పెంపకం

పలాస సమీపంలోని ఒక ఊరిలో రాత్రి ఏడున్నరకు, వంటగది గట్టు మీద బియ్యం డబ్బాకు ఆనించిన ఫోను ముందు రెండో తరగతి పిల్లవాడు కూర్చున్నాడనుకుందాం. అవతల నుంచి తండ్రి అన్నం తిన్నావా అని అడుగుతాడు, తిన్నానంటాడు. బాగా చదువుతున్నావా అంటే ఊఁ అంటాడు. అమ్మ ఏం చేస్తోంది, ఇంటికి ఎవరు వచ్చారు అన్న మూడో ప్రశ్నకు పిల్లవాడి చూపు ఫోను మీద నుంచి తల్లి వైపు మళ్లుతుంది. మొదటి రెండు ప్రశ్నలు సంభాషణను సాగనివ్వలేదు, మూడోది పిల్లవాడిని గూఢచారిగా మార్చింది. నాలుగు వారాలు ఇలా జరిగితే, కాల్ వచ్చే వేళకు ఆ పిల్లవాడు వీధిలోకి పరుగెత్తడం మొదలుపెడతాడు, తల్లే నూరిపోసిందని తండ్రి అనుమానిస్తాడు. తల్లిదండ్రుల నడుమ ఇరుక్కుపోయామన్న భావన విడాకుల కుటుంబాలలోని కౌమార వయస్కులలో దిగులుతోనూ చెడు ప్రవర్తనతోనూ కలిసి కనిపిస్తుందని బుకానన్, మాకోబీ, డోర్న్‌బుష్ అనే అమెరికన్ పరిశోధకులు 1991లోనే చూపారు. ఒకరిని ప్రేమిస్తే ఇంకొకరికి ద్రోహం చేసినట్టేనన్న ఈ నలుగుబాటును విధేయతా సంఘర్షణ అనవచ్చు.

అదే కాల్‌ను ఇంకొక విధంగా నడపవచ్చు. పిల్లలు, ముఖ్యంగా పదేళ్లలోపు వారు, ప్రశ్నలకు జవాబుల కంటే కలిసి చేసే పనిలో ఎక్కువగా మాట్లాడతారు కాబట్టి, ఏడో ఎక్కం చెరొక వరుస చెప్పుకోవడం, ఒకే బొమ్మను ఇద్దరూ గీసి ఒకరికొకరు చూపుకోవడం, రోజుకు కొంత చొప్పున సాగే కథను ఉత్కంఠ దగ్గర ఆపి మరునాటికి మిగల్చడం వంటివి పది నిమిషాలను నింపుతాయి. దూరాన ఉన్నవారు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకొని, తరగతి టీచరు పేరు, పక్క బెంచీ స్నేహితుడి పేరు, కదులుతున్న పన్ను, పోయిన రబ్బరు, వచ్చే శుక్రవారం జరగబోయే పరీక్ష వంటివి రాసుకుంటే, తరువాతి కాల్‌లో ఆ పన్ను ఊడిందా అని అడగగలుగుతారు, తన సంగతులు అక్కడ ఎవరో గుర్తుపెట్టుకుంటున్నారని బిడ్డకు అర్థమవుతుంది. నాలుగేళ్లలోపు బిడ్డకు ఐదు నిమిషాలే ఎక్కువ. అది కూడా పక్కన కూర్చున్న తల్లి ‘అదిగో నాన్న’ అని చూపిస్తూ మాట కలిపితేనే సాగుతుంది. విడిపోయిన భర్త ముఖం కనిపించే ఫోను పట్టుకొని నవ్వు ముఖంతో ఆ మాట అనడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆ కష్టం పడే స్త్రీకి ఆమె కుటుంబం, చట్టం, ఆ మాజీ భర్త కూడా ఎంతో రుణపడి ఉంటారు.

విదేశాలలో ఉన్నవారు బిడ్డ గడియారాన్ని అనుసరించాలి గాని తమ గడియారాన్ని కాదు. ఇక్కడ రాత్రి ఏడున్నర అయితే దుబాయిలో ఆరు, కువైట్‌లో, సౌదీలో ఐదు గంటలు, అంటే డ్యూటీ వేళ అడ్డు రావచ్చు. అమెరికా తూర్పు తీరంలో రుతువును బట్టి ఉదయం తొమ్మిదో పదో అవుతుంది. ఓడ మీద సిగ్నల్ లేని వారాలకు ముందుగానే కథలను తమ గొంతుతో రికార్డు చేసి పంపి ఉంచితే, పడుకొనేముందు బిడ్డ వినవచ్చు. ఈ తీరానికి తుపాన్ల బెడద కూడా ఉంది: 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. అటువంటి సమయంలో కాల్ కలవకపోతే అది ఎవరి కుట్రా కాదని పెద్దలిద్దరూ ముందే ఒప్పుకొని, బిడ్డకు కూడా చెప్పి ఉంచాలి. పక్క ఊళ్లోని ఒక బంధువు నంబరు ఇద్దరి దగ్గరా ఉండడం మంచిది.

రాకపోకలు, పండుగలు

విడిపోయిన తొలి ఏడాది దూరాన ఉన్నవారే బిడ్డ ఉన్న చోటికి రావడం మేలు, ఎందుకంటే బడి, స్నేహితులు, పడక ఏవీ మారకుండా ఒక మనిషి మాత్రమే అదనంగా రావడం చిన్న మనసుకు తేలిక. శ్రీకాకుళంలో అక్క ఇంట్లోనో లాడ్జిలోనో దిగి, బిడ్డను బడి దగ్గర దింపి, సాయంత్రం హోంవర్కు చేయించి, ఒక ఆదివారం అరసవల్లికో కళింగపట్నం సముద్రతీరానికో తీసుకువెళ్లడం చాలు. తరువాత బిడ్డ హైదరాబాదుకు వెళ్లవలసి వచ్చినప్పుడు శ్రీకాకుళం రోడ్డు స్టేషనులోనో విజయనగరంలోనో అప్పగింత జరుగుతుంది. ప్లాట్‌ఫారం మీద పాత లెక్కలు తీయకూడదు. మందులు, వాటిని వేసే వేళలు, బడి వారిచ్చిన సెలవుల పని ఒక కాగితం మీద రాసి సంచిలో పెడితే మాట్లాడవలసిన అవసరమే తగ్గుతుంది. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్లు 60 రోజుల ముందు నుంచే దొరుకుతున్నాయి గనుక, సంక్రాంతికి ఎవరు ఎక్కడ ఉంటారన్నది నవంబరు మొదటి వారానికే తేలకపోతే, బెర్తు దొరకలేదన్న కారణం కింద అసలు ప్రయాణమే ఎగిరిపోతుంది.

పండుగలను ఏడాది విడిచి ఏడాది పంచుకోవడం న్యాయంగా కనిపించినా, ఊరితో ముడిపడిన వేడుకలను ఆ ఊరి ఇంటికే వదిలిపెట్టడం మరింత తెలివైన పద్ధతి. తండ్రిది విజయనగరమైతే, విజయదశమి వెళ్లిన మంగళవారం జరిగే పైడితల్లి సిరిమాను ఉత్సవానికి బిడ్డ నానమ్మ ఇంట ఉండడం వల్ల మేనత్తలు, పెదనాన్న పిల్లలు అందరూ ఒకేచోట దొరుకుతారు. సంక్రాంతి తల్లి వైపు ఉండిపోవచ్చు. అక్షరాభ్యాసం, చెవులు కుట్టించడం, ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పటి వేడుక వంటివి ఇంకా సున్నితమైనవి, ఎందుకంటే అక్కడ ఎవరి చోటు ఖాళీగా ఉందో ఊరంతా చూస్తుంది. పీటల మీద ఎవరు కూర్చుంటారన్నది వేడుక ముందు రోజు కాక నెల ముందే, బిడ్డ వినని చోట, ఇద్దరూ తేల్చుకోవాలి.

ఇద్దరూ దూరాన ఉన్నప్పుడు

ఈ జిల్లాలలో తరచు కనిపించి పుస్తకాలలో అరుదుగా చోటు దొరికే పరిస్థితి ఒకటి ఉంది. విడాకుల తరువాత తండ్రి హైదరాబాదులో ఉంటాడు, తల్లి అచ్యుతాపురంలోని దుస్తుల కర్మాగారంలోనో విశాఖపట్నంలోని ఆసుపత్రిలోనో ఉద్యోగానికి వెళుతుంది, బిడ్డ పల్లెలో అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. ఇక్కడ ఫోను అమ్మమ్మ చేతిలో ఉంటుంది, కూతురి కాపురం చెడిపోయిందన్న ఆమె దుఃఖం కూడా ఆ ఫోనును అంటిపెట్టుకొనే ఉంటుంది. విడాకులైనా ఆమెను పాత వరసతోనే అత్తయ్యగారూ అని పలకరించి, ముందు ఆమె మోకాళ్ల నొప్పి సంగతి అడిగి, ఆ తరువాత బిడ్డను పిలవమని కోరే తండ్రికి తలుపు మూసుకుపోదు. తల్లి కూడా, జీతం పంపడంతో తన పని అయిపోయిందనుకోకుండా, తండ్రికి చెప్పిన నియమాలన్నీ తనకూ వర్తిస్తాయని గ్రహించాలి. బిడ్డను గురుకులంలో చేర్చేటప్పుడు ఇద్దరి పేర్లూ, ఇద్దరి ఫోను నంబర్లూ రాయించి, ఏ ఆదివారం ఎవరు వెళతారో పంచుకుంటే, మిగతా పిల్లల తల్లిదండ్రులు క్యారేజీలతో వచ్చే రోజున ఆ బిడ్డ గేటు దగ్గర ఒంటరిగా నిలబడే పరిస్థితి రాదు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ సంగతి బిడ్డకు ఊరివాళ్ల నోట కాక తండ్రి నోటనే తెలియాలి, వచ్చిన ఆమెను పిన్ని అనాలా మరేమైనా అనాలా అన్నది బిడ్డకే వదలాలి.

పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి ఈ ఏర్పాట్లన్నీ బిగుతవుతాయి. రోజూ మాట్లాడిన పిల్ల వారానికి ఒకసారి కూడా మాట్లాడకపోవచ్చు, సెలవులలో హైదరాబాదుకు రానని అనవచ్చు. అప్పుడు దూరాన ఉన్నవారు దానిని తిరస్కారంగా భావించి కాల్స్ మానేస్తే అసలు నష్టం జరుగుతుంది. ఈ వయసులో జవాబు ఆశించకుండా ఆదివారం ఒక చిన్న సందేశం పంపుతూనే ఉండాలి, పరీక్షల తేదీలు గుర్తుంచుకోవాలి, ఫీజు గడువు దాటనివ్వకూడదు. సంరక్షణకు సంబంధించిన కోర్టు ఉత్తర్వులు శాశ్వతమైనవి కావని, పరిస్థితులు మారితే మార్చుకోవచ్చని సుప్రీంకోర్టు 1973లో రోసీ జేకబ్ కేసులోనే స్పష్టం చేసింది; ఆలోచించి చెప్పగల వయసు వచ్చిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చునని 1890 నాటి చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. ఆరేళ్ల పిల్ల కోసం రాసుకున్న కాగితాన్ని పదమూడేళ్ల పిల్ల మీద రుద్దకుండా, జూన్‌లో బడులు తెరిచే లోగా, మే నెలలో ఒకసారి ఇద్దరూ ఆ కాగితాన్ని తిరిగి చదివి, ఆ పిల్లను విడిగా కూర్చోబెట్టి ఆమె మాట విని, మార్చవలసినవి మార్చి, కోర్టు ఉత్తర్వు ఉంటే ఆ మార్పులను ఉమ్మడి దరఖాస్తుతో అక్కడ నమోదు చేయించుకోవాలి.